మడుగులు మిగలని నది: ముర్రే–డార్లింగ్ చేపలు, కరువులు

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో ముర్రే, డార్లింగ్ నదుల పరీవాహక ప్రాంతం పది లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. ఆ ఖండంలో ఇది ఏడో వంతు. తూర్పు కొండల్లో పుట్టిన ఉపనదులు పడమరకు, నైరుతికి సాగి, చివరికి ముర్రేలో కలిసి, దక్షిణాన అలెగ్జాండ్రినా సరస్సు మీదుగా సముద్రం చేరతాయి. పరీవాహకం ఎంత పెద్దదో పారే నీరు అంత తక్కువ. ఆ కాస్తా ఏటా ఒకే తీరుగా రాదు. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో తలెత్తిన ఏళ్లలో తరచుగా వానలు ముఖం చాటేస్తాయి. లా నినా ఏళ్లలో వరద గట్లు దాటి మైదానాలను ముంచెత్తుతుంది. కరువు ఈ నదికి కొత్త కాదు, ఇందులోని చేపలకూ కొత్త కాదు. అయినా స్థానిక చేపల సంఖ్య యూరోపియన్లు రాకముందు ఉన్నదానిలో పదో వంతుకు పడిపోయిందని 2003లో మొదలైన స్థానిక చేపల పరిరక్షణ ప్రణాళిక అంచనా కట్టింది. నలభైకి పైగా ఉన్న స్థానిక జాతుల్లో సగం దాకా ముప్పున్న వాటి జాబితాలకు ఎక్కాయి. వేల ఏళ్ల కరువులను దాటి వచ్చిన చేప గత నూట యాభై ఏళ్ల కరువులను ఎందుకు దాటలేకపోతోందో తెలియాలంటే ఈ నది నీటిని మనుషులు పంచుకున్న చరిత్ర తెలియాలి.

వాన లేనంత మాత్రాన డార్లింగ్ లాంటి నది ఒక్కసారిగా ఎండిపోదు. ముందు ప్రవాహం ఆగుతుంది. ఇసుక మేటలు, రాతి తిన్నెలు బయటపడతాయి. వాటి నడుమ లోతైన చోట్ల నీరు నిలిచి, నది మడుగుల వరుసగా మారుతుంది. చేపలు ఆ మడుగుల్లోకి చేరతాయి. అక్కడ తిండి కరువవుతుంది, నీరు వేడెక్కుతుంది, కొంగలకూ గూడబాతులకూ వేట సులువవుతుంది. చేపలు చాలా చస్తాయి, కొన్ని మిగులుతాయి. మళ్లీ నీరు పారిన రోజున నదంతా నిండేది ఆ మిగిలిన వాటి సంతానంతోనే. అంటే కరువును దాటడానికి చేపకు మూడు కావాలి: లోతు చెడని మడుగు, దాన్ని చేరడానికి అడ్డులేని దారి, మడుగు చచ్చిపోకముందే వచ్చే తొలి ప్రవాహం.

ఒక్కో జాతి ఒక్కో విధంగా ఈ లెక్కకు తన బతుకును అమర్చుకుంది. 1838లో థామస్ మిచెల్ శాస్త్రీయంగా వర్ణించిన ముర్రే కాడ్ ఈ నదుల్లో అన్నిటికన్నా పెద్ద చేప. 1.8 మీటర్ల పొడవు, 113 కిలోల బరువు దాకా ఎదిగిన కాడ్‌లు నమోదయ్యాయి. దశాబ్దాలు బతుకుతుంది కనుక రెండు మూడేళ్లు సంతానం నిలవకపోయినా దాని వంశం ఆగదు. గోల్డెన్ పెర్చ్ నీరు పెరిగేదాకా ఆగి, అప్పుడు ఎగువకు ఈది గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు, పిల్లలు ప్రవాహంలో తేలుతూ దిగువకు వందల కిలోమీటర్లు పోతాయి. వీటికి పూర్తిగా భిన్నమైనది ముర్రే హార్డీహెడ్. వేలెడంత ఉండే ఈ చిన్న చేప ఒక ఏడాదికి అటూ ఇటూగా మాత్రమే బతుకుతుంది. సముద్రపు నీటిని మించిన ఉప్పదనాన్ని కూడా తట్టుకునే గట్టి చేపే కానీ, ఒక్క ఏడాది పిల్లలు నిలవకపోతే ఆ చెరువులో దాని వంశం అక్కడితో సరి. కరువు పెద్ద చేపను దశాబ్దాల మీద దెబ్బతీస్తే చిన్న చేపను ఒక్క వేసవిలో తుడిచిపెడుతుంది.

ఈ నదుల మీద బతికిన ఆదివాసులు చేపల రాకపోకలను బాగా ఎరిగినవారు. డార్లింగ్‌కు ఎగువ భాగమైన బార్వన్ నదిలో బ్రూవరినా దగ్గర, రాళ్లు పేర్చి కట్టిన చేపల దొడ్లు దాదాపు అర కిలోమీటరు పొడవునా పరచుకుని ఉన్నాయి. మనిషి కట్టిన అతి పురాతన నిర్మాణాల్లో వీటిని కూడా లెక్కిస్తారు. వీటి సంరక్షకులు న్గెంబా ప్రజలు. నది మట్టం ఎక్కువున్నా తక్కువున్నా ఏదో ఒక వరుస దొడ్లు పనికొచ్చేలా గోడలను వేర్వేరు ఎత్తుల్లో కట్టారు. ఏ దొడ్డి ఏ కుటుంబానిదో కట్టడి ఉండేది. ఎగువకు పోయే చేపలకు దారి వదలడం కూడా ఆ కట్టడిలో భాగమే. తరవాత వచ్చిన వలసదారులు పడవల దారికోసం, ఇతర పనులకోసం అక్కడి రాళ్లు చాలావరకు పెకలించారు. మిగిలినవాటిని 2005లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు.

1853లో ముర్రే మీద ఆవిరి పడవలు నడవడం మొదలైంది. ఉన్ని బేళ్లు, సరుకులు మోసే ఈ పడవలకు నదిలో పడి ఉన్న చెట్ల మొద్దులు అడ్డం. వాటిని దశాబ్దాల పాటు వేల సంఖ్యలో లాగి ఒడ్డున వేశారు. ముర్రే కాడ్ గుడ్లు పెట్టేది ఆ మొద్దుల తొర్రల్లో, ఎండకాలంలో తలదాచుకునేది వాటి నీడలో. మొద్దులు పోయాక మడుగు ఉన్నా చేపకు ఇల్లు లేకుండా పోయింది. అదే కాలంలో విక్టోరియా బంగారు గనుల చుట్టూ చేరిన జనానికి చేపలు పట్టి పంపే వ్యాపారం బలపడింది. 1864లో రైలు ఎచూకా చేరాక ముర్రే కాడ్ మెల్‌బోర్న్ బజారుకు నేరుగా పోసాగింది. 1887లో కెనడాకు చెందిన జార్జ్, విలియం చాఫీ సోదరులు కాలిఫోర్నియా అనుభవంతో వచ్చి మిల్దూరాలో పంపులతో నది నీరు తోడి తోటలు పెంచారు. నది నీటితో వ్యవసాయం అక్కడ వేళ్లూనుకున్నది అప్పటి నుంచే.

తరవాత వచ్చిన పెద్ద కరువు ఈ కథను మలుపు తిప్పింది. 1895 నుంచి 1903 దాకా సాగిన ఆ కరువులో గొర్రెలు లక్షల్లో చచ్చాయి, పడవలు బురదలో చిక్కుకున్నాయి. 1902లో కొరోవాలో నీటి పంపకం మీద సమావేశం జరిగింది. 1914లో ముర్రే కొన్నిచోట్ల పూర్తిగా పారడం మానేసింది. మరుసటి ఏడాది న్యూసౌత్ వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా, కేంద్ర ప్రభుత్వం కలిసి ముర్రే జలాల ఒప్పందాన్ని చట్టం చేశాయి. మనుషులు మళ్లీ ఎప్పుడూ కరువుకు చిక్కకూడదన్నది ఆ ఒప్పందం ఉద్దేశం. బ్లాంచ్‌టౌన్ దగ్గర 1922లో పూర్తయిన మొదటి లాకు మొదలుకొని నది పొడవునా లాకులు, కట్టులు వెలిశాయి. 1919లో మొదలుపెట్టిన హ్యూమ్ ఆనకట్ట 1936కు పూర్తయింది. సముద్రపు ఉప్పునీరు పైకి రాకుండా నదీముఖం దగ్గర 1935–40 మధ్య అయిదు బ్యారేజీలు కట్టారు. ఆ ఒప్పందంలో ప్రతి రాష్ట్రానికీ వాటా ఉంది, ప్రతి తోటకూ హామీ ఉంది. చేపకు వాటా లేదు. ఆ కాలంలో అలాంటి ఆలోచన ఎవరికీ రాకపోవడం సహజమే కావచ్చు, నష్టం మాత్రం అక్కడే మొదలైంది.

ఎందుకంటే కరువు నుంచి రైతును కాపాడిన ప్రతి కట్టడమూ చేప కరువును దాటే దారుల్లో ఒకదాన్ని మూసింది. కట్టు అడ్డం వస్తే గోల్డెన్ పెర్చ్ ఎగువకు పోలేదు. తేలుతూ వచ్చిన గుడ్లు నిలిచిన నీటిలో అడుగున పడి చెడిపోతాయి. వరదలు ఆనకట్టల్లో ఆగిపోవడంతో మైదానాల్లోని చెరువులు, పాయలు నిండటం తగ్గింది. పెద్ద ఆనకట్టల అడుగు తూముల నుంచి వేసవిలో విడిచే నీరు మంచులా చల్లగా ఉంటుంది. ముర్రే కాడ్ గుడ్లు పెట్టడానికి నీరు కనీసం 15 డిగ్రీలు దాటాలి. ఆనకట్ట దిగువన ఎన్నో కిలోమీటర్ల దాకా, సరిగ్గా గుడ్లు పెట్టే కాలానికి, ఆ వెచ్చదనం అందదు. 1972 దాకా ముర్రే కాడ్ నుంచి విడదీసి గుర్తించనైనా గుర్తించని ట్రౌట్ కాడ్ అప్పటికే దాదాపు అంతటా మాయమై, యారావొంగా దిగువన ముర్రేలోని ఒక్క భాగానికి కుదించుకుపోయింది.

1960లలో డార్లింగ్ ఉపనదుల మీద పత్తి సేద్యం వచ్చింది. మెనిండీ దగ్గర సహజ సరస్సులను కట్టులతో జలాశయాలుగా మార్చారు. వాటిలో సుమారు 61 టీఎంసీలు నిలవ చేయవచ్చు. 1964లో మిల్దూరా ప్రాంతంలో నదిలోకి చేరిన బంగారుతీగ చేపలు 1974–75 వరదలతో నదులన్నిటా వ్యాపించాయి. బురదను కలియదోడుతూ, తక్కువ ఆక్సిజన్‌లోనూ బతికే ఈ విదేశీ చేపకు నిలిచిన నీరు అడ్డంకి కాదు. కొన్నిచోట్ల నీటిలోని చేపల మొత్తం బరువులో 80 శాతం దాకా ఇవే ఉంటాయి. నది నుంచి తోడే నీరు ఎంతకు చేరిందంటే, 1981లో ముర్రే నదీముఖం మూసుకుపోయింది. లిఖిత చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. 1991 చివర్లో బార్వన్–డార్లింగ్ పొడవునా దాదాపు వెయ్యి కిలోమీటర్ల మేర విషపు నీలి ఆకుపచ్చ నాచు పట్టింది. ఆ దెబ్బకు న్యూసౌత్ వేల్స్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 1995లో నీటి వాడకం మీద పరిమితి పెట్టారు. అప్పటికే మామూలు ఏడాదిలో సముద్రం చేరే నీరు సహజంగా చేరవలసిన దానిలో ఐదో వంతు దగ్గరకు వచ్చింది.

ఈ స్థితిలో ఉన్న నది మీదికి 1990ల చివర్లో మొదలై 2009 దాకా సాగిన సహస్రాబ్ది కరువు వచ్చిపడింది. 2006–07లో ముర్రేలోకి వచ్చిన నీరు రికార్డుల్లో అన్నిటికన్నా తక్కువ. అలెగ్జాండ్రినా సరస్సు మట్టం పడిపోతూ, 2009 ఏప్రిల్ నాటికి సముద్ర మట్టానికి మీటరు కిందికి చేరింది. ఒడ్డున రెల్లు, నీటి మొక్కలు ఎండి, వాటి వేళ్ల మధ్య దాగి బతికే చిన్న చేపలకు నీడ పోయింది. అడుగున గంధకం నిండిన బురద గాలి తగిలి ఆమ్లంగా మారసాగింది.

ముర్రే–డార్లింగ్ అంతటిలో యారా పిగ్మీ పెర్చ్ అనే అంగుళం రెండంగుళాల చేప ఉన్నది ఈ సరస్సు అంచుల్లోనే. ఈ పరీవాహకంలో ఆ చేప ఉందన్న సంగతే 2000లకు గానీ శాస్త్రవేత్తలకు తెలియలేదు. తెలిసిన కొన్నేళ్లకే, 2008 తరవాత, అది వలలకు చిక్కడం ఆగిపోయింది. ఎండిపోకముందే పట్టి తెచ్చిన కొద్ది చేపలను తొట్లలో పెంచి, నీరు తిరిగి వచ్చాక సరస్సులోకి వదిలారు. అవి నిలదొక్కుకోలేదు. ప్రపంచంలోని పెద్ద నదీ వ్యవస్థల్లో ఒకటైన ఈ పరీవాహకం నుంచి మొత్తంగా తుడిచిపెట్టుకుపోయిన మొదటి చేప ఇదేనని తరవాతి పరిశోధన తేల్చింది. అంత చిన్న చేప పోతే పోయిందనుకోవడం తేలిక. ఆ చేప మాత్రం వేల ఏళ్లు అక్కడి ప్రతి కరువునూ దాటింది. దాటలేకపోయిన ఒక్క కరువు, ఎగువన నీరంతా తోడేశాక వచ్చినది.

అదే కరువులో సదరన్ పర్పుల్ స్పాటెడ్ గడ్జన్ అనే చేపకు మాత్రం అదృష్టం కలిసివచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియాలో అంతరించిందనుకున్న ఈ చేప దాదాపు ముప్పై ఏళ్ల తరవాత 2002లో ముర్రే బ్రిడ్జి దగ్గర ఒక చిత్తడి నేలలో బయటపడింది. 2007లో ఆ చిత్తడి ఎండిపోయింది. అయితే ఈలోగానే కొన్ని చేపలను తీసి తొట్లలో పెంచారు. తరవాత బడుల్లోని తొట్లలోనూ పొలాల కుంటల్లోనూ పెరిగిన వాటి సంతానాన్ని తిరిగి చిత్తడి నేలల్లోకి వదిలారు. మిల్దూరా సమీపంలోని కార్డ్రాస్ చెరువుల్లో ముర్రే హార్డీహెడ్‌ను కాపాడటానికి కరువు నడుమనే కొంత నీటిని ప్రత్యేకంగా కేటాయించి పంపారు. కొద్ది నీరే, కానీ ఒక జాతి ఆ ఏడాది దాటడానికి అది సరిపోయింది. కరువులో చేపకు కావలసిన నీరు పంటకు కావలసినంత కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

2010లో వరద వచ్చి సరస్సులు నిండాయి. ఆ వరదా క్షేమంగా రాలేదు. ఏళ్ల తరబడి ముంపు లేక మైదానంలో పేరుకుపోయిన యూకలిప్టస్ ఆకులు, చెత్త ఒక్కసారిగా నీటిలో నాని కుళ్లడంతో నీరు నల్లబడి ఆక్సిజన్ పోయింది. కరువును దాటి బతికిన చేపలు కొన్ని వరదలో చచ్చాయి. ఈ లోగా 2007లో జల చట్టం, 2012లో పరీవాహక ప్రణాళిక వచ్చాయి. సేద్యం నుంచి ఏటా 2,750 బిలియన్ లీటర్లు, అంటే దాదాపు 97 టీఎంసీలు, నదికి తిరిగి ఇవ్వాలని ప్రణాళిక నిర్ణయించింది. నది పేరున నీటి హక్కులు కొని పెట్టుకునే ప్రభుత్వ వ్యవస్థ కూడా ఏర్పడింది. చేపకు వాటా రావడానికి, మొదటి ఒప్పందం నుంచి లెక్కిస్తే, దాదాపు వందేళ్లు పట్టింది. అయితే అదే 2012లో బార్వన్–డార్లింగ్‌కు చేసిన స్థానిక నీటి పంపక నిబంధనలు చిన్న ప్రవాహాలను కూడా పంపులతో తోడుకునే వీలు కల్పించాయి. కరువులో మడుగులను బతికించేది సరిగ్గా ఆ చిన్న ప్రవాహాలే.

ఫలితం 2018–19 వేసవిలో కనబడింది. 2016 వరదకు మెనిండీ సరస్సులు నిండి చేపలు బాగా పెరిగాయి. 2017 నుంచి మూడేళ్లు ఈ పరీవాహకంలో రికార్డుల్లోనే అత్యంత పొడి మూడేళ్లు. సరస్సుల నీరు విడిచేశాక, పైనుంచి ప్రవాహం రాలేదు. పెరిగిన చేపలన్నీ రెండు కట్టుల నడుమ నిలిచిన నీటిలో ఇరుక్కున్నాయి. ఎగువకూ దిగువకూ పోయే దారి లేదు. ఎండకు పైపొర వేడెక్కి తేలికైంది, అడుగు పొర చల్లగా బరువుగా ఉండిపోయింది. రెండు పొరలూ కలవలేదు. గాలిలోని ఆక్సిజన్ పైపొరకే అందింది. పైన నాచు దట్టంగా పెరిగి, చచ్చి, అడుగుకు దిగి కుళ్లింది. ఆ కుళ్లు అడుగు పొరలో మిగిలిన ఆక్సిజన్‌ను కూడా లాగేసింది. చేపలు పైన పలచటి పొరలో ఊపిరి నిలుపుకున్నాయి. అంతలో వాతావరణం ఒక్కసారి చల్లబడటంతో పైపొర కిందికి దిగి నీరంతా కలిసిపోయింది. ఆక్సిజన్ లేని నీరు అన్ని వైపులా కమ్మింది. డిసెంబరు 15న పదుల వేలల్లో, జనవరి 6, 7 తేదీల్లో లక్షల్లో, మళ్లీ 28న కూడా చేపలు చచ్చి తేలాయి. వాటిలో దశాబ్దాల వయసున్న ముర్రే కాడ్‌లు, జాతీయ స్థాయిలో అత్యంత ప్రమాదంలో ఉన్న సిల్వర్ పెర్చ్ కూడా ఉన్నాయి. డార్లింగ్‌ను బాకా అని పిలుచుకుంటూ దాని పేరుతోనే తమను తాము చెప్పుకునే బార్కింజీ ప్రజలకు అది సొంత ఇంట్లో చావు.

రెండు నిపుణుల బృందాలు కారణాలు పరిశీలించాయి. ప్రభుత్వం నియమించిన బృందం కరువు, వేడి, కట్టుల మధ్య చేపలు ఇరుక్కోవడం, ఒక్కసారిగా వచ్చిన చల్లదనం కలిసి ఈ మరణాలకు దారితీశాయని వివరించింది. ఆస్ట్రేలియా విజ్ఞాన అకాడెమీ బృందం ఒక అడుగు ముందుకు వేసి, నెపం కరువు మీద వేసి ఊరుకోవడం కుదరదని, ఎగువన అతిగా తోడటం వల్ల డార్లింగ్‌లో చేపలను నిలిపేటంత నీరే మిగలడం లేదని చెప్పింది. చరిత్ర చూసినవారు అకాడెమీ మాటనే బలమైనదిగా ఎంచక తప్పదు. 1902లోనూ ఎల్ నినో ఉంది, ఎండలూ ఉన్నాయి. నది కట్టుల మధ్య ముక్కలై, చిన్న ప్రవాహాలు సైతం పంపుల పాలైంది తరవాతి కాలంలోనే.

అక్కడి నుంచి కొన్ని పనులు జరిగాయి. 2019 సెప్టెంబరులో మెనిండీ దగ్గర ఇరుక్కున్న చేపలను పట్టి దిగువ డార్లింగ్‌లో నీరున్న చోట వదిలారు. 2020 తొలి నెలల్లో వాన పడ్డప్పుడు, ఎగువ రైతులు తోడకుండా కొంతకాలం పంపులకు ఆంక్ష పెట్టి, తొలి ప్రవాహాన్ని డార్లింగ్ పొడవునా దిగువకు పోనిచ్చారు. మధ్యలో ఆ ఆంక్షను కొద్ది రోజులు సడలించడం మీద తీవ్ర విమర్శ వచ్చింది. అయినా నీరు ముర్రే దాకా చేరింది. ముర్రేలోనైతే సముద్రం నుంచి హ్యూమ్ ఆనకట్ట దాకా ప్రతి కట్టు దగ్గరా చేపలు ఎక్కే మెట్ల దారులు కట్టే పని 2001లో మొదలై పూర్తయింది. హ్యూమ్ దిగువన వేల మొద్దులు తిరిగి నదిలో వేశాక ఆ భాగంలో ముర్రే కాడ్ పెరిగింది. నది నుంచి తీసినవాటిని తిరిగి వేస్తే చేప తిరిగి వస్తుందని అక్కడ రుజువైంది.

డార్లింగ్‌లో ఆ పని ముందుకు సాగలేదు. 2023 మార్చిలో వరద తగ్గుముఖం పట్టిన మెనిండీలో మళ్లీ ఆక్సిజన్ పడిపోయి, రెండు నుంచి మూడు కోట్ల చేపలు చచ్చాయని న్యూసౌత్ వేల్స్ ముఖ్య శాస్త్రవేత్త బృందం అంచనా వేసింది. ఈసారి చచ్చినవి ఎక్కువగా బోనీ బ్రీమ్‌లు. కరువు మరణాల తరవాత నాలుగేళ్లు గడిచినా మెనిండీ ప్రధాన కట్టు మీద చేపలు ఎగువకు దాటిపోయే దారి అప్పటికి కట్టలేదు.